మంచి గాలి కోసం

మా బావ, బండి ఎక్కడ ఆగినా, ముందు తలుపు తీసి ఛాతీ మీద చెయ్యి పెట్టుకుని గాలి పీల్చేవాడు. ఆ తర్వాత అక్క వైపు తిరిగి, "ఇయ్యాల జర నయమే" అనేవాడు. అది నిజం కాదని అక్కకీ నాకూ తెలుసు. ఆయనకూ తెలుసు.

జనగామ దగ్గర రాళ్ల క్రషర్‌లో ఇరవై ఏళ్లు పనిచేశాడాయన. ఊపిరితిత్తుల్లో దుమ్ము పేరుకుపోయిందని, ఇక మందులు పనిచేయవని, మంచి గాలి తగిలేచోట ఉంచమని దవాఖానలో చెప్పారు. బావ ఆ చివరి మాటనే పట్టుకున్నాడు. పాత వ్యాన్ కొని, అందులో మంచం, గ్యాస్ పొయ్యి బిగించాడు. నడపడానికి మహబూబాబాద్ నుంచి నన్ను పిలిపించాడు.

భూపాలపల్లి అడవుల్లో నాలుగు రోజులున్నాం. దగ్గు తగ్గలేదు. సముద్రపు గాలి పడుతుందేమోనని విశాఖపట్నం వెళ్లాం. అక్కడ ఇసుకలో పది అడుగులు వేసి కూలబడ్డాడు.

"గుట్టల మీదికి పోయి చూద్దాం బామ్మర్దీ" అన్నాడు.

అరకులో పొద్దున్నే మంచు పట్టి ఉంది. బావ తలుపు తీసుకుని చాలాసేపు కూర్చున్నాడు. అక్క టీ గ్లాసు అందిస్తూ, "ఎట్లున్నది?" అని అడిగింది.

"గాలి మంచిగనే ఉన్నది. నాకే లోపలికి పోతలేదు."

అక్క పొయ్యి ఆర్పేసింది. తర్వాత, "అయితే ఇంటికి పోదాం" అంది. బావ తలూపాడు.

దారి పొడవునా ఆమె ఆయన వీపు నిమురుతూ కూర్చుంది. జనగామ చేరిన నెలలోపే బావ పోయాడు.