చూడు అంటే ఛోడో అనుకున్నారు

నా చిన్నప్పుడు మేము ఢిల్లీ కంటోన్మెంటు క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్న సైన్యంలో పనిచేసేవారు; ఆ ఏడు సరిహద్దు దగ్గర ఉన్నారు. క్వార్టర్లవాళ్ల బ్యాడ్మింటన్ పోటీ మొదలైన వారంలోనే, ఆదివారం సెలవు మీద వస్తున్నానని ఉత్తరం రాశారు. ఫైనల్ కూడా ఆదివారమే. నాన్న చూస్తుండగా ఆ ఫైనల్ ఆడాలన్నది ఒక్కటే నా కోరిక.

పెద్దవాళ్లలో ఒకరు, పిల్లల్లో ఒకరు జంటగా ఆడాలి. నాన్న లేరు కనుక పైవాటాలోని హవల్దార్ అంకుల్ నాకు జతగా ఒప్పుకున్నారు. హిమాలయాల్లోని గఢ్వాల్ మనిషి, తెలుగు ఒక్క ముక్క రాదు. పొద్దున్నే డ్యూటీకి వెళ్లి, సాయంత్రం బూట్లు మార్చుకుని నేరుగా కోర్టుకు వచ్చేవారు. శనివారం సెమీఫైనల్ నాటికి పాయింటు పాయింటుకీ నడుం మీద చేతులు వేసుకుని నిలబడిపోతున్నారు. నాకూ కాళ్లు లాగేస్తున్నాయి.

ఆఖరి పాయింటు. నేను నెట్ దగ్గర, ఆయన వెనక. కాక్ నా తల మీదుగా వెనక్కి వెళ్లింది. వెనకవాళ్లు చూసి కొట్టాలని, నాన్నతో ఆడిన అలవాటు కొద్దీ "చూడు, చూడు" అని అరిచాను. అంకుల్ ఎత్తిన రాకెట్ దించేశారు. కాక్ గీతకు బెత్తెడు లోపల పడింది. ఓడిపోయాం.

ఎందుకు వదిలేశారని ఏడుపు గొంతుతో అడిగాను. ఆయన ఆయాసపడుతూ, "తూనే హీ తో బోలా బేటా, ఛోడో ఛోడో," అన్నారు. నువ్వే కదా వదిలేయమన్నావు అని.

"చూడు అంటే దేఖో, అంకుల్," అని గొణిగాను. ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, "అచ్ఛా," అని నవ్వి ఊరుకున్నారు.

కోర్టు పక్కన గట్టు మీద కూర్చుని ఆట చూస్తున్న ఆయన స్నేహితులు మాత్రం ఊరుకోలేదు. "క్యా హవల్దార్ సాబ్, ఇక పెన్షన్‌కి అర్జీ పెట్టేయండి," అన్నాడు హిందీలో, మా క్వార్టర్ల వరసలోని తెలుగు డ్రైవరు. ఇంట్లో రొట్టెలు తక్కువ పెడుతున్నారా అని ఇంకొకరు. జరిగింది చెబితే వాళ్ల నోళ్లు మూతపడేవి. ఆయన, "హాఁ భాయ్, కాళ్లు మొరాయించాయి," అని హిందీలో అనేసి బూట్లు విప్పుకున్నారు. నేను పక్కనే ఉన్నాను. నోరు విప్పలేదు.

మర్నాడు నాన్న వచ్చి, ఎలా ఓడిపోయారని అడిగినా ఆయన అదే చెప్పారు: పిల్లాడు బాగా ఆడాడు, తప్పు నాది. నాన్న నా వైపు చూశారు. నేను కుళాయి దగ్గర, అప్పటికే కడిగిన కాళ్లు మళ్లీ కడుక్కుంటూ ఉండిపోయాను. ఆ సాయంత్రం లెక్కల నోటుబుక్కు చివరి పేజీలో, "నేను చూడు అన్నాను. ఆయనకు ఛోడో అని వినపడింది," అని రాసుకున్నాను. ఇన్నేళ్ల నా డైరీలు ఆ పేజీతోనే మొదలయ్యాయి. ఆయనకు బదిలీ అయ్యేలోపు నలుగురిలోనూ చెబుదామనుకున్నాను. చెప్పలేదు.

తర్వాత ఉద్యోగంలో, నేను చెప్పిన పని ఎవరైనా తప్పుగా చేసుకొస్తే, ఎంత అలసటలో ఉన్నా ముందు ఒకటే అడిగేవాణ్ణి: నేను చెప్పింది మీకు ఏమని వినపడింది? చాలాసార్లు తప్పు నా మాటలోనే బయటపడేది. రిటైరై ఫరీదాబాద్‌లో ఉంటున్న ఈ రోజుల్లోనూ అదే అడుగుతాను. తప్పు నాదని తేలితే, అందరి ముందూ ఆ మాట అనడానికి ఇప్పటికీ ఊపిరి కూడదీసుకోవాల్సి వస్తుంది. కూడదీసుకునే అంటాను.