నాలుగో తాడు

"ముడి ఊడిపోతే?"

గిరిజ ఆ మాట అనడం ఆ వారంలో ఎన్నోసారో లెక్కపెట్టడం ఇంట్లోవాళ్ళు ఎప్పుడో మానేశారు. ఆమె ఒళ్ళో మూడు నెలల పాప ప్రేమ. ఎదురుగా దూలానికి ఊయల. మూడు మూలలా తాళ్ళు బిగించి ఉన్నాయి. నాలుగో తాడు మాత్రం గాలికి ఊగుతోంది.

"ఊడకుండా ఏసుకో మా," అన్నాడు మామగారు, వక్క కొరుకుతూ.

"మీరే వేయొచ్చు కదా మామా! మూడు వేసిన చేతికి నాలుగోది బరువా?"

"నా పని అయిపోయిందే!"

ఇదీ వీరరాఘవన్ గారి జబ్బు. ముత్తియాల్‌పేటలో గుండీలూ దారాలూ అమ్ముకునే ఆ పెద్దమనిషి చేయలేని వస్తువు లేదు. పూర్తిచేసిన వస్తువూ లేదు.

ఒకప్పుడు ఫ్రెంచివాళ్ళు ఏలిన ఊరది. ఫ్రాన్సుకు వెళ్ళిపోయే కుటుంబాలు పాత సామాను వదిలించుకుంటున్నాయంటే చాలు, అందరికంటే ముందు ఆయన సైకిలు ఆ గుమ్మంలో ఉండేది. అలా వచ్చిన ఒక తలుపు ఇంట్లో భోజనాల బల్ల అయింది. తాళంచెవి కన్నం మూయలేదు. దాని దగ్గర కూర్చున్నవాళ్ళ రసం సగం నోట్లోకీ సగం మోకాళ్ళ మీదికీ వెళ్ళేది. వైను సీసాల్లో నిమ్మకాయ ఊరగాయ పెట్టేవాడు. ముక్క లోపలికి సుఖంగా దిగేది, బయటికి లాగడానికి గొడుగు ఊచ కావాలి.

కొడుకు బాలకృష్ణన్‌కు చిన్నప్పుడు మఖమల్ తెరతో నిక్కరు కుట్టాడు. తెర రింగులు వృథా ఎందుకని నడుము చుట్టూ అలాగే ఉంచాడు. లేచి నిలబడితే గలగల. బడిలో అంత మంచి పిల్లవాడు చెయ్యెత్తి ఒక్క జవాబూ ఎందుకు చెప్పలేదో అయ్యవార్లకు చివరిదాకా అర్థం కాలేదు.

ఇదంతా భరించవచ్చు. ఆ చివరి పని ఎగ్గొట్టడమే ఎవరికీ మింగుడుపడేది కాదు. ఊరగాయ ఇస్తే తాలింపు ఉండదు. చొక్కా కుట్టి ఇస్తే చివరి గుండీ ఉండదు. గుండీల కొట్టాయన ఇచ్చిన చొక్కాకు గుండీ లేకపోవడం వ్యాపార రహస్యమేనని వీధిలో సగం మంది నమ్మకం. పుచ్చకాయ తొక్కలతో కూటు వండి పంపితే, "ఉప్పు మీరే ఏసుకోండి" అన్న కబురు కూడా గిన్నె వెంటే వచ్చేది.

ఇప్పుడు ఫ్రెంచి దొరసాని పడకకుర్చీని విప్పి మనవరాలికి ఊయల చేశాడు. మూడు ముళ్ళు వేసి, చేతులు దులుపుకున్నాడు.

గిరిజ ఫిజిక్సులో ఎమ్మెస్సీ. ఏ తాడు ఎంత బరువుకు తెగుతుందో ఆమెకు తెలుసు. ఆమె కష్టమంతా అదే. పాపను మంచం మీద పడుకోబెడితే దొర్లుతుందని భయం, చాప మీదైతే చీమలని భయం. అందుకని రాత్రీ పగలూ ఒళ్ళోనే. గోడకు ఆనుకుని కునుకు తీయడమే తప్ప నడుం వాల్చి ఎన్నాళ్ళయిందో. మొన్న సాంబారులో కాఫీపొడి వేసింది. పుచ్చకాయ కూటు కంటే నయమేనని బాలకృష్ణన్ మాట్లాడకుండా తినేశాడు.

ఆ సాయంత్రం పక్కింటి సుందరి పిట్టగోడ మీద బొంత ఆరేస్తోంది. మిల్లు మూతపడి మొగుడు ఇంట్లో కూర్చున్నప్పటి నుంచి ఆమె ఎవరి దగ్గరా గుక్కెడు కాఫీ కూడా తాగేది కాదు. చూడటానికి వచ్చిన ఆడబిడ్డతో ఆమె అంటోంది: "నేనే కుట్టినా వదినా. చూడు, అంచు ఎంత తిన్నగా వచ్చిందో!"

గిరిజకు ఒళ్ళు మండింది. పాపను భుజాన వేసుకుని, ముందుగదిలోని కొట్టులోకి వెళ్ళింది.

"మామా! మీ బొంత సుందరి కుట్టిందంట!"

"అవును, కుట్టింది."

"నెల రోజులు కూర్చుని కుట్టింది మీరు! ఆమె వేసింది ఒక్క అంచు!"

"మెల్లగా మా, గోడ పలచన. మొత్తం నేనే కుట్టి ఇస్తే ఎత్తుకుంటాదా? దీపావళికి మురుకులు పంపిస్తే గిన్నెతో కూడా తిరిగొచ్చినాయి. 'సగంలో నిలిచిపోయిండాది, నాకు కండ్లు ఆనడంల్యా, నువ్వు ముగించుకో మా' అన్నాక ఎత్తుకుపోయింది. కడాన కుట్టినోళ్ళదే బొంత."

"కళ్ళు ఆనడం లేదా? పొద్దున అద్దాలు లేకుండా సూదిలోకి దారం ఎక్కించారు!"

"అది ఆమెకు చెప్పబాక."

"మరి నాకెందుకు ఈ శిక్ష? నేను మీ గిన్నెలు తిప్పి పంపలేదే!"

"నేను కట్టి ఇస్తే తెల్లార్లూ నా ముడినే చూస్తా కూచుంటావు. రసం కన్నం చూసినోళ్ళు నన్ను ఎట్ట నమ్ముతారు? నీ ముడైతే నువ్వు పడుకుంటావు మా."

గిరిజ పాపను ఆయన చేతుల్లో పెట్టింది. నాలుగో తాడు అందుకుని ముడి వేసింది, దాని మీద ఇంకొకటి వేసింది. నమ్మకం కుదరక, రుబ్బురోలు పొత్రం మోసుకొచ్చి ఊయలలో పెట్టి ఊపింది. తర్వాత బియ్యం మూట. అంతలో తట్టాంచావడి ఫ్యాక్టరీ నుంచి బాలకృష్ణన్ వచ్చాడు.

"ఎక్కండి."

"దేంట్లో? ఇంకా చెప్పులైనా విప్పలేదే!"

మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని అతను ఎక్కాడు. దూలం మూలిగింది. ముడి కదల్లేదు.

"చాలు మా," అన్నాడు మామగారు. "ఇంకా బరువు కావాలంటే ఏనుగును యాడ తెచ్చేది?"

ఆ రాత్రి ప్రేమ ఊయలలో, గిరిజ దాని పక్కన చాప మీద. తల్లి గురకకు బిడ్డ లేచిందని బాలకృష్ణన్ ఇప్పటికీ అంటాడు.

అది డెబ్బై ఎనిమిది నాటి మాట. ఇప్పుడు ప్రేమకు ఐదేళ్ళు. పొద్దున బడి రిక్షా గుమ్మంలో గంట మోగిస్తుంటే, గౌను గుండీలన్నీ గిరిజ చకచకా పెట్టేసి చివరిది వదిలేస్తుంది. ప్రేమ నాలుక బయటపెట్టి దాన్ని తప్పు కన్నంలో దూరుస్తుంది, పీకుతుంది, మళ్ళీ దూరుస్తుంది. రిక్షాలో పిల్లలు గోల చేస్తారు. గిరిజ వేళ్ళు దురదపెడతాయి. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతుంది. కొట్టులోంచి తల కూడా తిప్పకుండా మామగారు రోజూ అనే మాట ఒకటుంది:

"కడాపటిది వదిలిపెట్టు మా. ఊడిపోతే మళ్ళా ఏసుకుంటాది."