టెంట్లో కుంపటి

2021 డిసెంబరు. హాలియాలో మాది మొదట లారీలకు తాడిపత్రులు, అంటే టార్పాలిన్లు, కుట్టే దుకాణం. సాగర్ నీళ్ల ఒడ్డున పిల్లాజెల్లాతో ఒక రాత్రి ఉండివచ్చే కుటుంబాలు ఎక్కువయ్యాక క్యాంపింగ్ టెంట్లు కూడా కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టాను. ఎవరికి ఇచ్చినా నాకొక పట్టు ఉంది. దుకాణం వెనక జాగాలో వాళ్ల చేతనే టెంటు వేయిస్తాను. అందరినీ లోపల కూర్చోబెట్టి, జిప్పులు మూయించి, మీద బకెట్లతో నీళ్లు కుమ్మరిస్తాను. సీమ్, అంటే రెండు గుడ్డలు కలిసే కుట్టు, ఎక్కడ కారుతుందో లోపలున్నవాళ్లకే తెలుస్తుంది. "టెంటు కోసం వచ్చినమా, పరీక్ష రాయనీకి వచ్చినమా?" అని కసురుకున్నవాళ్లు ఉన్నారు. కసురుకోనీ, తడిసేది నేను కాదు కదా.

ఆ మధ్యాహ్నం చిట్యాల నుంచి ప్రవీణ్ వచ్చాడు. కరెంటు ఆఫీసులో ఉద్యోగం. వెంట భార్య, ఐదు నెలల ఆడపిల్ల, తల్లి మరియమ్మ. ఆమె జన్మలో కూలికి తప్ప ఊరు దాటలేదట. "పని లేకుంట ఒక్కపూటన్న నీళ్లను సూసుకుంట కూసోవాలె మా అమ్మ" అన్నాడు.

నీళ్లు పోశాను. లోపలికి ఒక్క చుక్క రాలేదు. నా కుట్టు చూసుకుని నేనే మురిసిపోతుంటే, లోపల మరియమ్మ పడకలు సర్దడం వినిపించింది.

"పిల్ల నడుమ పంటది. నేను ఈ పక్కకు. కాళ్ల కాడ కుంపటి పెట్టుకుంటే సాలు."

"కుంపటా?" అన్నాను బయటి నుంచే.

"అవు బిడ్డా. పిల్లకు సాంబ్రాణి ఎయ్యాలె, సలికి నిప్పుండాలె. నాకు తెల్వదా? పొగంత పోయి బొగ్గులు ఎర్రగైనంకనే లోపలికి తెస్త."

నాకు కోపం తొందర. జిప్పు లాగి తల లోపల పెట్టాను. "అవ్వా, ఆ పొగ పోయిన నిప్పే మనిషిని తింటది. మూసిన జాగల బొగ్గుల గాలికి రంగుండదు, వాసనుండదు, దగ్గు రాదు. తల బరువైతది, నిద్ర పడతది. గా నిద్రల నుంచి పెద్దోళ్లే లేవరు, పసిపిల్ల యాడ లేస్తది?" అన్నాను. పైనున్న వెంట్, అంటే గాలి ఆడే చిన్న కిటికీ, చూపించి దాన్ని ఎప్పుడూ మూయొద్దన్నాను. అది తెరిచి ఉన్నా సరే, నిప్పు మాత్రం లోపలికి రావద్దన్నాను. అందరికీ చెప్పీ చెప్పీ ఆ మాటలు నాకు నోటికి వచ్చేశాయి.

"సరే అన్నా, కుంపటి నీ దుకాణంలనే పెట్టి పోతం" అంటూ ప్రవీణ్ బయటికి వచ్చాడు. మరియమ్మ లేవలేదు. పిల్లను ఒళ్లో పెట్టుకుని టెంటు గుడ్డనే చూస్తోంది.

"బిడ్డా, తాడిపత్రి కప్పిన గుడిసెల గూడ గట్లనే అయితదా?"

"యాడనైనా అంతే అవ్వా. గాలి ఆడకపోతే సాలు."

ఆమె నెమ్మదిగా చెప్పింది. ప్రవీణ్ పుట్టకముందు మొగుడూ పెళ్లాలు మేళ్లచెరువు దిక్కు సున్నపురాయి కొట్టడానికి పోయారు. చలి ఎక్కువైందని గుడిసె చుట్టూ తాడిపత్రి బిగించి కట్టింది. తొలిచూలు కొడుకును పక్కలో వేసుకుని కాళ్ల దగ్గర కుంపటి పెట్టుకుంది.

"పొద్దుగాల లేస్తే నా తల పగులుతాంది. పిలగాడు కదలలే. అందరు సలికి పోయిండన్నరు. నిప్పు తక్కువైందనుకున్న. గీ ప్రవీణ్ పుట్టినంక కుంపటి ఒక్క పూటన్న ఆరనియ్యలే."

ఊళ్లో వాళ్లది పెంకుటిల్లట. సందుల్లోంచి గాలి ఆడబట్టి ప్రవీణ్ దక్కాడు. అన్న చలికి పోయాడనే అతనూ విని పెరిగాడు.

"నిజం జెప్పు కొడుకా. నా పిలగాన్ని సలి తీస్కపోలేదా?" అని మరియమ్మ నన్నే అడిగింది.

చలికే పోయాడని ఒక్క మాట అంటే ఆ తల్లి గుండె కుదుటపడుతుంది. కానీ ఆమె దాన్ని నమ్మితే కుంపటి మళ్లీ ఈ పసిదాని పక్కకే వస్తుంది. అంత కష్టమైన జవాబు నా బతుకులో ఎవరికీ ఇవ్వలేదు.

"బొగ్గుల గాలే అయ్యుంటది అవ్వా. నీకు జెప్పినోళ్లు లేరు. తెలిస్తే నువ్వు పెడుదువా?"

ఆమె ఏడ్వలేదు. పిల్లను రెండు చేతులా ఎత్తి కోడలికి అందించింది. "నువ్వే పట్టుకో. నా కాడ వద్దు" అంది. కోడలు పిల్లను తీసుకుని, వంగి, మళ్లీ అత్త ఒళ్లోనే పడుకోబెట్టింది. "పిల్ల నీ కాడనే పంటది అత్తమ్మా" అంది. అప్పుడు ఏడ్చింది మరియమ్మ. నాకూ కన్నీళ్లు ఆగలేదు. పిల్లకు స్వెటరు, ఊలు టోపీ మరిచిపోవద్దని చెప్పి, పెద్దవాళ్లకు ఇంకో రగ్గు ఇచ్చి పంపాను.

అప్పటి నుంచి టెంటు ఇచ్చేముందు నేను పాఠం మొదలుపెట్టను. "మీ ఇంట్ల చలికాలం పిల్లల్ని ఎట్ల పండవెడతరు?" అని అడిగి, వాళ్లు చెప్పేది పూర్తిగా విని, అప్పుడు మాట్లాడతాను. నేను టెంటు గురించే చెబుతున్నాననుకుంటాను. వినేవాళ్లకు ఏ ఇల్లు గుర్తొస్తుందో నాకేం తెలుసు?

మర్నాడు తిరుగు ప్రయాణంలో ప్రవీణ్ వాళ్లు టెంటు తిరిగి ఇవ్వడానికి వచ్చారు. ఆరబెట్టబోతే వెంట్‌ను మూసే గుడ్డ రెక్క పైకి మడిచి కట్టి ఉంది, మరియమ్మ చీర అంచు చించిన పేలికతో. రాత్రంతా ఆమె దాని కిందే కూర్చుందట. ముడి విప్పబోయాను.

"ఇప్పకు కొడుకా" అంది ఆమె కారులోంచి. "ఎనుక వచ్చే పిల్లలకు గాలి ఆడాలె."