పాదముద్రలు తొక్కని ముసలమ్మ

ఈ రోజు శ్రీకాకుళంలో ఒక విజ్ఞాన ప్రదర్శనశాలకు వెళ్లాను. నేలపై గీసిన పాదముద్రల మీద నిలబడితే ఎదుటి తెరపై కెరటాలు లేస్తాయట. వాటిని చూడాలని వచ్చిన ఒక మత్స్యకార ముసలమ్మ మాత్రం చెప్పులు విడిచి, ఆ పాదాలకు మొక్కి, పక్కన నిలుచున్నది. తెర వెలగలేదు.

ఆ యంత్రాలను విశాఖపట్నం నుండి కంప్యూటరులో నడిపించే నా శిష్యురాలు ఇదంతా కెమెరాలో చూసి, స్పీకరులో పలికింది.

“ఆ పాదాల మీద నిలబడమ్మా!”

“ఏటే, సామి పాదాలు తొక్కమంతన్నావా? నాకు కెరటాలొద్దు, ఏటీ వద్దు!”

ముసలమ్మ చిన్నబోయి వెనుదిరిగింది.

“ఉండమ్మా, ఇక్కడి నుంచే మార్సేస్తన్నాను. ఇప్పుడు దండం పెట్టు, సాలు.”

ఆమె చేతులు జోడించగానే తెర నిండా కెరటాలు లేచాయి. ఆమె పకపకా నవ్వింది.

ఆ మార్పు అలాగే ఉండిపోవడంతో, ఆమె వెనుక వరుసలో ఉన్న మేమందరమూ దండం పెట్టవలసి వచ్చింది, నాతో వచ్చిన నాస్తిక మిత్రునితో సహా! మీరైతే పెట్టేవారా?