కొంగ వరసలో జారిన అడుగు

హోటలు కింద నేలమాళిగలో ఉన్న లాండ్రీలో ఆవిడని అందరూ దుప్పట్లక్క అంటారు. పై అంతస్తుల గదుల్లోంచి ఇనుప గొట్టంలో జారిపడే దుప్పట్లని విడదీసి, ఉతికే యంత్రాల్లోకి తోసి, ఆరాక మడతపెట్టి పైకి పంపడం ఆవిడ పని. ఇద్దరు చెరో కొసా పట్టుకుని మడవాల్సిన పెద్ద దుప్పటిని ఒక్కతే గాల్లోకి విసిరి, అది కిందికి దిగేలోపు సగానికి మడిచేస్తుంది. కొత్తగా చేరినవాళ్లు నోరెళ్లబెడితే, "ఇందులో ఏముంది? నడుం తిప్పడం తెలిస్తే చాలు" అంటుంది.

నడుం తిప్పడం ఆవిడకి కుంగ్‌ఫూ వల్ల వచ్చింది. పెళ్లికి ముందు వాళ్ల వీధి చివర సినిమా హాల్లో బొమ్మ నడిపే ఆపరేటరు ఒకాయన ఉండేవాడు. ఆట మొదలుపెట్టి వచ్చి, హాలు వెనక ఖాళీ జాగాలో కొంతమందికి కుంగ్‌ఫూ నేర్పేవాడు. ఆడపిల్ల ఈవిడొక్కతే. ఆయన నేర్పిన వాటిలో కొంగ వరస అంటే ఆవిడకి ప్రాణం. వరస అంటే ఒకదాని వెంట ఒకటిగా వచ్చే అడుగులూ, దెబ్బలూ, కాచుకోవడాలూ. మొదలుపెడితే చివరిదాకా ఆగకూడదు. గురువుగారు పోయి చాలా ఏళ్లయినా, రోజూ పొద్దున్నే మేడమీద నీళ్ల ట్యాంకు పక్కన ఆ వరస చేశాకే ఆవిడ పనికి బయల్దేరుతుంది.

"ఆయన ఎలా నేర్పారో అలాగే చేస్తాను. వెంట్రుకవాసి తేడా రానివ్వను" అని చెప్పుకోవడం ఆవిడకి గర్వం.

ఇంట్లో ఇంకో కుంగ్‌ఫూ కూడా ఉంది. చెల్లెలి కూతురు ఆవిడ దగ్గరే ఉంటూ ఒక జిమ్ములో పనిచేస్తోంది. పని అయ్యాక అక్కడి స్పాంజి పరుపుల మీద కొత్త తరహా కుంగ్‌ఫూ సాధన చేస్తుంది. పరుగెత్తుకుంటూ వచ్చి గాల్లోకి లేచి, బొంగరంలా తిరిగి, రెండు కాళ్లూ బార్లా చాచి నేలకి దిగుతుంది. చూసేవాళ్లకి గుండె ఆగినంత పనవుతుంది.

"ఎవర్ని కొట్టడానికే ఆ పిల్లిమొగ్గలు? నువ్వు తిరిగి కిందికి దిగేలోపు కొట్టాల్సినవాడు ఇంటికెళ్లి పడుకుంటాడు" అనేది పెద్దమ్మ.

"నీ కొంగ ఒంటికాలి మీద నిలబడి చేపల కోసం చూస్తుంటుంది. అదెవర్ని కొడుతుంది పెద్దమ్మా?" అనేది పిల్ల.

ఇలా ఎత్తిపొడుచుకోవడం వాళ్లకి రోజూ ఉండేదే.

ఆన్‌లైన్ పోటీ సంగతి తెచ్చింది ఆ పిల్లే. ఇంట్లోనో వీధిలోనో చేసి, వీడియో తీసి పంపితే చాలు. రెండు విభాగాలు. సంప్రదాయ విభాగంలో పాత వరసలు, నేల విడిచి పల్టీలు కొట్టకూడదు. ఆధునిక విభాగంలో ఎంత ఎగిరితే అంత మంచిది. పిల్ల తన వీడియో ఆధునికంలో పంపింది. "నువ్వూ పంపు పెద్దమ్మా" అని వెంటపడితే, దుప్పట్లక్క ససేమిరా అంటూనే చివరికి ఒప్పుకుంది.

మధ్యాహ్నం భోజనాల వేళ యంత్రాలు ఆగుతాయి. అప్పుడు బల్లలన్నీ గోడవారకి జరిపి, లాండ్రీ మధ్యలో చోటు చేసుకుంది. వీడియో తీసింది ఇస్త్రీ బాబాయి. ఆయన చెయ్యి ఇస్త్రీపెట్టె మీద ఎంత నిలకడగా ఉంటుందో ఫోను మీద అంత వణికింది. వరస సగానికి వచ్చేసరికి, కొంగ వెనక్కి తిరిగే చోట ఆవిడ కాలు సబ్బునీళ్ల మీద పడింది. సర్రున జారింది. ఆ తర్వాత ఏమైందో ఆవిడకి తెలియదు. కప్పు కిందికి, నేల పైకి వచ్చినట్టు అనిపించింది. మళ్లీ చూసుకునేసరికి ఒంటికాలి మీద నిలబడి ఉంది, తర్వాత వేయాల్సిన దెబ్బకి చెయ్యి సిద్ధంగా ఉంది. ఆగకూడదు కాబట్టి ఆగలేదు. మిగతాదంతా పూర్తిచేసింది.

"మళ్లీ తీద్దాం బాబాయ్, కాలు జారింది."

"టైమెక్కడిదమ్మాయ్? అటు చూడు, గొట్టంలోంచి దుప్పట్లు దిగుతున్నాయి. నాకైతే బాగానే ఉంది" అని ఆయన పోటీకి పంపడానికి నొక్కాల్సింది నొక్కేశాడు.

కొన్నాళ్లకి పోటీవాళ్ల నుంచి సందేశం వచ్చింది. చెల్లెలి కూతురే చదివి వినిపించింది. "మీ ప్రదర్శన మధ్యలో గాలిలో తిరిగిన తీరు అద్భుతం. సంప్రదాయ విభాగం నియమాలు దీనికి ఒప్పుకోవు కాబట్టి మీ వీడియోను ఆధునిక విభాగానికి మార్చాము. మీరు ఫైనల్‌కు ఎంపికయ్యారు." చదవడం అయ్యాక పిల్ల ఫోను కింద పెట్టి పెద్దమ్మ మొహంలోకి చూసింది. పిల్ల పంపిన వీడియో మాత్రం ఎంపిక కాలేదు.

"గాలిలో తిరిగావా? నువ్వా?"

"నాకేం తెలుసే? నేను జారాను."

ఇద్దరూ కూర్చుని వీడియో చూశారు. ఫోనులో కనిపించే ఆడమనిషి జారినట్టు లేదు. నడుం దగ్గర విల్లులా వంగి, కాళ్లు పైకి లేచి, తలకిందులుగా ఒక చుట్టు తిరిగి, పిట్ట వాలినట్టు వాలింది. దుప్పట్లక్క మళ్లీ మళ్లీ చూసింది. ఆ చీరకట్టు తనదే, ఆ బల్లలూ తమవే. ఆ తిరగడం మాత్రం ఎవరిదో అర్థం కాలేదు.

పిల్ల ఆ పూట సరిగా మాట్లాడలేదు. "నేను ఏళ్లకొద్దీ నడుం విరగ్గొట్టుకుంటే రానిది, నీకు సబ్బునీళ్లతో వచ్చింది" అని మాత్రం అంది. అది కోపమో నవ్వో పెద్దమ్మకి అంతుపట్టలేదు.

పోటీవాళ్లు అందరికీ కనిపించేలా పెట్టిన ఆ వీడియో కింద జనం తగువులాడుకుంటున్నారు. అసలైన పాత విద్య అంటే ఇదీ, గెంతులేసే కుర్రకారు చూసి నేర్చుకోవాలి అని ఒకరు. ఈ వయసులో మెప్పు కోసం గెంతులేసి పాత విద్యని మంటగలిపింది అని ఇంకొకరు. తనని మెచ్చుకున్నవాళ్ల మాట తప్పు, తిట్టినవాళ్ల మాటా తప్పే. మధ్యలో దూరి "నాయనా, నేను జారాను" అని ఎలా చెప్పాలో తెలియలేదు.

పోటీవాళ్ల నంబరుకి ఫోను చేసింది. అవతల ఒక అమ్మాయి పలికింది.

"అమ్మా, నేను కావాలని తిరగలేదు. కాలు జారింది."

"జారితే పడతారు కదండీ? మీరు పడలేదుగా."

"పడలేదు."

"మరింకేం! ఫైనల్లో కూడా అలాగే చేయండి" అని ఆ అమ్మాయి పెట్టేసింది.

అలాగే చేయడం ఎలా? చెల్లెలి కూతుర్ని బతిమాలుకుని జిమ్ముకి వెళ్లింది. స్పాంజి పరుపు మీద ఎగరబోతే కాలు నేలకి అతుక్కుపోయింది. పిల్ల నడుం కింద చెయ్యి వేసి ఎత్తి తిప్పితే, బస్తాలా దభీమని పడింది. పిల్ల పడీపడీ నవ్వింది. అలక తీరిందనుకుని పెద్దమ్మ కూడా నవ్వేసింది.

"ఎగరాలనుకుంటే రాదు పెద్దమ్మా. నీకు భయం వేస్తోంది. ఆరోజు భయపడే తీరిక లేదు."

ఆ మాట ఆవిడ బుర్రని తొలిచేసింది. అనుకోకుండా ఒళ్లు ఎందుకు తిరిగింది? ఎక్కడినుంచి వచ్చింది ఆ తిరగడం? అడుగుదామంటే గురువుగారు లేరు. ఆయన తొలి శిష్యుల్లో ఒకాయన బస్టాండు దగ్గర వాచీలు బాగుచేస్తాడు. ఆయన దగ్గరికి వెళ్లి వీడియో చూపించింది. ఆయన కంటికి పెట్టుకున్న భూతద్దం తీయకుండానే చూశాడు.

"ఎక్కడ నేర్చుకున్నావ్ చెల్లెమ్మా ఇది?"

"జారాను అన్నయ్యా."

"జారడమేంటి, ఆ చోట ఎగిరి తిరగడం మొదట్నుంచీ ఉన్నదే. మాకు అలాగే నేర్పారు గురువుగారు. తర్వాత ఆయన మోకాలు దెబ్బతింది. ఎగరలేక మామూలు అడుగు పెట్టారు. నువ్వు చేరేసరికి అదే వరస అయిపోయింది."

దుప్పట్లక్కకి కాళ్ల కింద నేల మళ్లీ జారినట్టయింది. ఇన్నేళ్లూ వెంట్రుకవాసి తేడా రాకుండా కాపాడుకొస్తున్నది గురువుగారి మోకాలి నొప్పా?

నమ్మలేక అటునుంచి అటే గురువుగారి భార్య దగ్గరికి వెళ్లింది. పెద్దావిడ కిటికీ పక్కన మంచం మీద కూర్చుని ఉంది, కాసేపు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక చెయ్యి వదల్లేదు.

"మోకాలా? ఆ వాచీలవాడికి ఏం తెలుసే! పాత వరసలో గెంతు లేనే లేదు. హాలు వార్షికోత్సవానికి స్టేజీ మీద చేయమంటే, జనం ఈలలు వేస్తారని ఈయనే కల్పించాడు. ఈలలు బాగానే వేశారు. ఆ తర్వాత సిగ్గుపడి తీసేశాడు. మోకాలి నొప్పని అందరికీ అబద్ధం చెప్పాడు."

"నిజంగానా అమ్మగారూ?"

"నాకలాగే చెప్పాడమ్మా. నాకు చెప్పిందే అబద్ధమేమో, ఎవరికి తెలుసు?" అని ఆవిడ బోసినవ్వు నవ్వింది.

దుప్పట్లక్క బస్సులో కిటికీకి తల ఆనించి కూర్చుంది. ఎగిరితే గురువుగారు వదిలేసిన పాతది చేసినట్టా, సిగ్గుపడి తీసేసిన కొత్తది చేసినట్టా? ఎగరకపోతే కాపాడినట్టా, పోగొట్టినట్టా? ఆలోచనలో పడి దిగాల్సిన చోటు దాటిపోయి, చాలా దూరం వెనక్కి నడిచింది.

ఫైనల్ ఒక ఆదివారం మధ్యాహ్నం ఫోనులోనే జరిగింది. ముగ్గురు న్యాయనిర్ణేతలు మూడు చోట్లనుంచి చూస్తున్నారు. మేడమీద చెల్లెలి కూతురు ఫోను పట్టుకుంది. ఇస్త్రీ బాబాయి ఉండబట్టలేక వచ్చి, పొద్దున్నుంచీ నేల మీద నీటిచుక్క లేకుండా తుడుస్తూనే ఉన్నాడు.

ఆవిడ మొదలుపెట్టింది. అడుగులు తమంతట తామే సాగాయి. కొంగ వెనక్కి తిరిగే చోటు వచ్చింది. ఎగరాలని ఒక కాలు, వద్దని ఒక కాలు అనుకున్నట్టున్నాయి. ఎగరడమూ కాక, అడుగూ కాక, వాననీటి గుంట దాటినట్టు చిన్న గెంతు వేసి ముందుకు పోయింది. చివరికి ఒంటికాలి మీద నిలబడి ఆగింది.

"ఆ గాలిలో తిరగడం ఎందుకు మానేశారమ్మా?" అన్నాడు ఒక న్యాయనిర్ణేత.

"అది తిరగడం కాదండీ. ఆరోజు జారాను."

"జారినా అలా దిగారంటే అది సాధనే కదా" అంది రెండో ఆవిడ.

మూడో ఆయన ఒప్పుకోలేదు. "అది పాత శాఖల్లో ఉన్నదే. మీ గురువుగారు చెప్పలేదా?"

"ఉండేదని ఒకరన్నారు, లేదని ఒకరన్నారు. నాకు తెలియదండీ."

అంతే, వాళ్లలో వాళ్లకి మొదలైంది. సంప్రదాయం అంటే ఏమిటి, ఎప్పటిది సంప్రదాయం, ఎగిరినంత మాత్రాన ఆధునికం అవుతుందా అని ఒకరి మాట మీద ఒకరు పడ్డారు. ఈవిడ ఉన్న సంగతే మరిచిపోయారు. ఆఖరి భంగిమ చాలని వాళ్లు చెప్పేదాకా కాలు దించకూడదని నియమం. పిక్క లాగేస్తోంది. చాలాసేపు ఓర్చుకుంది.

"అయ్యా, కాలు దించుకోవచ్చా?"

ఇస్త్రీ బాబాయి కిసుక్కున నవ్వాడు. ఫోను పట్టుకున్న పిల్లకీ నవ్వు ఆగలేదు.

బహుమతి రాలేదు. ఆధునిక విభాగానికి ఇందులో ఎగరడం చాలదన్నారు, సంప్రదాయ విభాగంలో చేర్చడానికి గడువు దాటిందన్నారు. లాండ్రీలో అందరూ మోసం మోసం అన్నారు. ఆవిడకి మాత్రం దుఃఖం రాలేదు, సంతోషమూ రాలేదు. ఏమనిపించాలో తెలియక దుప్పట్లు మడతపెట్టుకుంటూ ఉండిపోయింది.

ఆ తర్వాతి వారం చెల్లెలి కూతురు పెందలాడే లేచి మేడమీదికి వచ్చింది.

"నాకు కొంగ వరస నేర్పు పెద్దమ్మా."

"నీకెందుకే? ఇందులో గెంతులు లేవు."

"నేను ఎంపిక కాకపోవడానికి కారణం రాశారు. ఎగరడం బాగుందిట, నేలమీద నిలకడ లేదట."

దుప్పట్లక్క మొదటి అడుగు నుంచి నేర్పింది. వారాల తరబడి నేర్పితే వరస సగానికి వచ్చింది. వెనక్కి తిరిగే చోట పిల్ల ఆగింది.

"ఇక్కడేం చెయ్యాలి?"

ఇదివరకైతే ఆవిడ తడుముకోకుండా చెప్పేది. ఇప్పుడు ముందు తను అడుగు పెట్టి చూపించింది. అది సరిగానే ఉందనిపించింది. "నువ్వు తిరిగి చూడు" అంది. పిల్ల ఎగిరి తిరిగి చక్కగా వాలింది. అదీ సరిగానే ఉందనిపించింది. కాకపోతే వాలేసరికి మొహం ట్యాంకు వైపు ఉంది. తర్వాతి దెబ్బ ఎవరికీ తగలదు.

"నువ్వు జారినప్పుడు ఎటు తిరిగి వాలావు?" అంది పిల్ల.

"అదే గుర్తులేదు. ఫోను తియ్యి, చూద్దాం."

ఇద్దరూ మెట్ల మీద కూర్చుని, ఎండ మొహాన పడుతుంటే చేతులు అడ్డం పెట్టుకుని, ఫోనులోకి తొంగిచూశారు. సరిగ్గా వాలే చోట బాబాయి ఫోను కదిలిపోయింది. ఎడమ వైపని ఆవిడ, కుడి వైపని పిల్ల, తేలకుండానే పనికి వేళ మించిపోయింది.