మొదటి బస్సు, మిరపకోత కూలి

భానుశ్రీ చీరాల అమ్మాయి. నాన్న రంగయ్య మగ్గం నేసేవాడు. నేసిన చీర షావుకారు చేతిలో పెడితే ఆయన ఎంతిస్తే అంత. "ఇంకొంచెం అడగొచ్చుగా నాన్నా" అని చిన్నప్పుడు ఒకసారి అంటే, "అడగాలంటే వెళ్ళడానికి ఇంకో గుమ్మం ఉండాలి కదమ్మా" అన్నాడు. ఎమ్మే ఎకనామిక్స్‌లో కూలి రేట్ల పాఠం వచ్చిన రోజు క్లాసంతా ఆవలిస్తుంటే, ఆమె మాత్రం కుర్చీ అంచుకు జరిగి కూర్చుంది.

చదువయ్యాక గుంటూరులో ఒక పరిశోధన సంస్థలో సర్వే ఉద్యోగం దొరికింది. బ్రాడీపేటలో గది, పాత స్కూటీ, ఊరూరా తిరగడం. ప్రభుత్వం ఆడవాళ్ళకు బస్సు ప్రయాణం ఉచితం చేశాక, కూలీల ఇళ్ళలో ఏం మారిందో చూసి రమ్మన్నారు సంస్థ పెద్ద రామకాంత్ గారు. టిక్కెట్టు డబ్బులు మిగిలుంటాయి, అవి ఎటు పోతున్నాయో కనుక్కుంటే చాలని ఇద్దరూ అనుకున్నారు.

మిరపకోతల రోజులు. పర్చూరు వైపు ఒక ఊళ్ళో కూలి ముఠాను నడిపే సామ్రాజ్యం అనే ఆవిడ ఇంట్లో రాత్రి పడుకుని, తెల్లవారగానే ఆమె వెంట బస్సు స్టాపుకు వెళ్ళింది భానుశ్రీ. క్యారేజీలు పట్టుకుని ఆడవాళ్ళంతా అక్కడే ఉన్నారు. అంతలో కౌలు రైతు శివనాగరాజు మోటార్‌సైకిల్ తెచ్చి ఆపాడు.

"ఏంది సామ్రాజ్యం, ఇయ్యాల నా చేలోకి రమ్మన్నా గదా. కాయంతా పండిపోయింది."

"వస్తాం నాగరాజూ. అవతలూరోళ్ళు ఇచ్చే కూలి నువ్వూ ఇయ్యి మరి."

"ఊళ్ళో రేటు ఊళ్ళోదే. ఎప్పుడన్నా మార్చామా?"

"మేం మటుకు ఎప్పుడన్నా ఇట్టా బస్సెక్కి పోయామా?" అని నవ్వింది సామ్రాజ్యం.

మలుపులో పల్లెవెలుగు హారన్ మోగింది. బస్సు ఆగీ ఆగగానే ఇద్దరు ఎక్కేశారు. సామ్రాజ్యం మెట్టు మీద కాలు పెట్టింది. శివనాగరాజు బస్సు వంకా, చేను వంకా చూశాడు.

"దిగండి. అదే ఇస్తా."

పుస్తకాల్లో గీతలుగా చూసిన సంగతి భానుశ్రీ కళ్ళ ముందే, ఒక బస్సు ఆగి కదిలేలోపు జరిగిపోయింది. వాళ్ళ వెనకే చేలోకి వెళ్తే, మోకాళ్ళ నొప్పులతో ఏనాడూ బస్సెక్కని అమీర్‌బీ కూడా సాళ్ళలో కాయ కోస్తోంది. ఆమెకూ కొత్త కూలే. భానుశ్రీ గట్టు మీద నిలబడే రామకాంత్ గారికి ఫోన్ చేసింది.

"సార్, మనం టిక్కెట్టు డబ్బులే చూస్తున్నాం. బస్సెక్కని వాళ్ళకి కూడా కూలి పెరిగింది సార్. ఎక్కి పోగలరని రైతుకు తెలిస్తే చాలు."

"ఒక్క ఊరు చూసి చెప్పకూడదమ్మా. బస్సు రాని ఊళ్ళూ చూడు. అక్కడా పెరిగుంటే ఇది బస్సు పని కాదు. రేపే బయల్దేరగలవా?" ఆయన గొంతులోనూ ఆత్రం దాగలేదు.

కోతలు ముగిసేదాకా తిరుగుతూనే ఉంది. మిరప ఘాటుకు కళ్ళు మండేవి, ముక్కు కారేది, ఉత్సాహానికి నిద్ర కూడా ఎగిరిపోయింది. బస్సు రాని ఊళ్ళలో పాత కూలే నడుస్తోంది. బస్సున్న ఊళ్ళలో ఆడవాళ్ళ కూలి పెరిగి, మగవాళ్ళ కూలికి దగ్గరైంది. ఒక్క ఊరు మాత్రం లెక్కకు కుదరలేదు. బస్సుంది, కూలి పెరగలేదు. వెళ్ళి చూస్తే అక్కడ బస్సొచ్చేది పొద్దెక్కాక, అప్పటికి పనులు మొదలైపోతాయి. ఆ సంగతి తెలిసిన రోజు స్కూటీ మీద పాట పాడుకుంటూ గుంటూరు చేరింది.

సర్వే చివరి రోజు సామ్రాజ్యం వాళ్ళ ఊళ్ళో శివనాగరాజు ఎదురయ్యాడు. "కూలోళ్ళకి పెరిగితే మంచిదే అమ్మాయ్. కౌలు పెరిగింది, కాయ రేటు పడింది. నా సంగతి ఏమన్నా రాశావా?"

"రాయలేదన్నా. చెప్పండి, వింటాను" అని గట్టు మీదే కూర్చుంది. అతను చాలాసేపు చెప్పాడు.

రామకాంత్ గారు నివేదిక మీద ఆమె పేరే ముందు వేయించారు. దాన్ని విడుదల చేసిన సభకు వచ్చిన బస్సు డిపో అధికారి ఆ ఒక్క ఊరి బస్సు వేళ రెండుసార్లు అడిగి రాసుకుని, నెల తిరక్కుండా దాన్ని తెల్లవారుజాముకు మార్చారు. కూలి పెరిగిన చోట ఆ భారం భూమి యజమానిదా, కౌలుదారుడిదా అన్నది తర్వాతి పరిశోధన. దాన్ని నడిపించే పని భానుశ్రీకే అప్పగించారు. పత్తి విత్తనాలు పడే వేళకు ఆమె మళ్ళీ ఊళ్ళలో ఉంది.