తిన్నామండి, మీరు తిన్నారా?

హాస్టల్‌కి ఫోన్ చేసి అమ్మ "ఏమే, తిన్నావా?" అన్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండుకొస్తుంది.

నా చిన్నప్పుడు కరోనా వచ్చి మిరప కోతలు ఆగిపోయాయి, అమ్మకి కూలి లేకుండా పోయింది. సత్తెనపల్లి నుంచి ఒకావిడ రోజూ ఫోన్ చేసి, "భోజనాలయ్యాయా అండీ?" అని అడిగేది. ఎవరో దూరపు చుట్టం అనుకున్నాను. పొయ్యి వెలిగించని రోజు కూడా అమ్మ నవ్వుతూ, "తిన్నామండి, మీరు తిన్నారా?" అనేది.

పక్కింటి పిన్నికీ ఆవిడ ఫోన్ చేస్తే, తినలేదని నిజం చెప్పిందట, వాళ్ళకి బియ్యం మూట వచ్చింది. ఆవిడది సాయం చేసే సంస్థ అని నాకప్పుడు తెలిసింది. ఆ సాయంత్రం ఫోన్ నేనే ఎత్తి, "మేం తినలేదండి" అన్నాను. అమ్మ ఫోన్ లాక్కుని, "చిన్నపిల్ల, ఏదో వాగుతుందండి" అంది.

మర్నాడు ఆవిడే మూట తెచ్చింది. అమ్మ ఆ బియ్యమే వండి, ఆవిడ నాలుగు ముద్దలు తినేదాకా గడప దాటనివ్వలేదు. ఆకలితో నేను పళ్ళు నూరుతూ కూర్చున్నాను.

నిన్న మెస్ మూసేశారు. అమ్మ ఫోన్ చేసి అదే మాట అడిగింది.

"తిన్నానమ్మా, నువ్వు తిన్నావా?" అన్నాను.

"ఎప్పుడో తిన్నానే" అంది.

నేను నమ్మలేదు. అమ్మా నమ్మి ఉండదు.